విస్మృత నిర్మాత గ్యారీ కిల్డాల్

భవనాన్ని చూచినవారు గోపురాన్ని, గవాక్షాలను, గోడల రంగులను మెచ్చుకొంటారు. పునాదిని గురించి అడిగేవారు అరుదు. తెలుగులో పునాది అని, ఉర్దూలో బునియాద్ అని మనం పిలుచుకొనే ఆ అడుగుభాగం తన పనిని ఎంత చక్కగా నెరవేరిస్తే అంతగా మరుగున పడిపోతుంది. శాస్త్ర సాంకేతిక చరిత్రలోనూ ఇదే రీతి. నేటి విద్యార్థులలో కంప్యూటరు మీట నొక్కనివారు లేరు. బిల్ గేట్స్ పేరు విననివారూ లేరు. అయితే చిన్న కంప్యూటరుకు విరివిగా వాడుకలోకి వచ్చిన తొలి నిర్వహణ వ్యవస్థను, అనగా ఆపరేటింగ్ సిస్టమును సమకూర్చిన గ్యారీ కిల్డాల్ పేరు విన్నవారు ఎందరు?

విన్న కొద్దిమందికి కూడ తెలిసినది ఒక్క కథ మాత్రమే. ఐ.బి.ఎం. సంస్థవారు మహాభాగ్యాన్ని మూటగట్టి ఆయన ఇంటికి తెచ్చిన రోజున, ఆయన విమానంలో షికారుకు పోయి దానిని చేజార్చుకొన్నాడన్నది ఆ కథ. యాభై రెండేండ్ల జీవితాన్ని ఒక్క పూట షికారుగా కుదించడం న్యాయమా అన్నది మా ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందు ఆ జీవితమేమిటో తెలియాలి.

మేము భాషాబోధకులము. యంత్రవిద్య మా వృత్తి కాదు. అయినప్పటికీ ఈ వ్యాసానికి పూనుకొనడానికి ఒక కారణమున్నది. నిర్వహణ వ్యవస్థ అంటే మనిషికి, యంత్రానికి నడుమ ఏర్పడిన ఒక భాష. దానికి పదజాలమున్నది, వ్యాకరణమున్నది, కాలక్రమాన లోపించిపోయిన ప్రయోగాలున్నవి. పూర్వులు వాడి విడిచిన మాటలను నిఘంటువులలో వెదకినట్లే ఈ భాషలోని పాత ప్రయోగాలను వెదకితే, వాటి వెనుక ఒక మనిషి బుద్ధి, ఓర్పు, స్వభావం కనిపిస్తాయి.

నావికుల ఇంటి బిడ్డ

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ 1942 మే 19న అమెరికా వాయవ్య తీరంలోని సియాటిల్ నగరంలో జన్మించారు. వారి కుటుంబం నార్వే మూలాలు కలది. ఇంటి విద్య నౌకాయానం. తాతగారు నెలకొల్పిన నౌకాయాన పాఠశాలలో తండ్రి కూడ బోధించేవారు. నక్షత్రాల ఎత్తును కొలిచి, పట్టికలు చూచి, త్రికోణమితితో లెక్కగట్టి, నడిసముద్రంలో ఓడ ఎక్కడ ఉన్నదో తేల్చడం ఆ విద్యలోని ముఖ్యాంశం. ఆ లెక్కలు దీర్ఘమైనవి. ఒక అంకె తప్పితే ఓడ దారి తప్పుతుంది. పిడి త్రిప్పగానే జవాబు చెప్పే యంత్రమొకటి ఉంటే ఎంత బాగుండునని తండ్రి తలపోసేవారట. ఆ తలపు కుమారుని మనస్సులో చాలాకాలం నిలిచింది.

ఉన్నత పాఠశాలలో గ్యారీ పేరుమోసిన విద్యార్థి కాదు. పుస్తకాలకన్న యంత్రాలను విప్పి బిగించడంలోనే ఆయనకు మక్కువ. పాఠశాల చదువు ముగిసిన తరువాత కుటుంబ పాఠశాలలో కొంతకాలం బోధించారు. బోధించేవానికి తన అజ్ఞానం తనకే ముందు తెలుస్తుందన్నది ఉపాధ్యాయులమైన మాకందరికీ అనుభవమే. ఆయనకూ అదే జరిగినదేమో, గణితోపాధ్యాయుడు కావాలన్న సంకల్పంతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1963లో తన చిన్ననాటి స్నేహితురాలు డొరతీ మెక్‌ఈవెన్‌ను వివాహమాడారు. విశ్వవిద్యాలయంలో కంప్యూటరుతో పరిచయం కలిగింది. దానితో గణితోపాధ్యాయ వృత్తి వెనుకబడింది. 1967లో పట్టభద్రులై పరిశోధనకు పూనుకొన్నారు.

అది వియత్నాం యుద్ధకాలం. నావికాదళ సేవ తప్పనిసరి అయినప్పుడు, ఆయనకు ఓడపై కాక, కాలిఫోర్నియా రాష్ట్రం మాంటెరేలోని నావికాదళ స్నాతకోత్తర విద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం బోధించే పని లభించింది. అక్కడ బోధిస్తూనే 1972లో డాక్టరేటు పట్టం పొందారు. 1973లో బోస్టన్ నగరంలో జరిగిన ఒక విద్వత్సభలో ఆయన సమర్పించిన పత్రం, మనిషి వ్రాసిన ప్రోగ్రామును యంత్రం తనంతట తాను పరిశీలించి, అనవసరమైన భాగాలను తొలగించి, వేగంగా నడిచేటట్లు చేసుకొనే ఉపాయాలన్నింటికి ఒకే గణిత చట్రాన్ని చూపింది. ప్రోగ్రాములను అనువదించే సాధనాల నిర్మాణంలో ఆ పద్ధతి నేటికీ పాఠ్యాంశమే. వ్యాపారంలో ఓడిన కారణంగా ఆయనను అల్పునిగా తలచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన మొదట విద్వాంసుడు, తరువాతనే వర్తకుడు.

చిన్న చిప్పు, పెద్ద ఆలోచన

1971లో ఇంటెల్ సంస్థ 4004 అనే మైక్రోప్రాసెసరును విపణిలోకి తెచ్చింది. గదులు నిండే యంత్రం చేసే గణనను గోరంత చిప్పులో ఇమడ్చడానికి అది తొలిమెట్టు. దానిని గురించిన ప్రకటన చూడగానే కిల్డాల్‌కు తండ్రి తలపోసిన పిడియంత్రం జ్ఞాపకం వచ్చింది. ఆ చిప్పు చేత త్రికోణమితి లెక్కలు చేయించే ప్రోగ్రాములు వ్రాశారు. ఆ పని ఇంటెల్ వారి దృష్టికి వచ్చి, వారానికి ఒకరోజు వారికి సలహాదారుగా పనిచేయసాగారు. ప్రతిఫలంగా కొంత యంత్రసామగ్రి లభించింది. దానిని తరగతి గదిలో అమర్చి తన విద్యార్థులకు పాఠం చెప్పారు.

ఆ రోజులలో ఆ చిప్పులు ట్రాఫిక్ దీపాలకు, తూకపు యంత్రాలకు పనికివస్తాయని తయారుచేసినవారే తలచారు. దానితో పూర్తి కంప్యూటరు నిర్మించవచ్చునని నమ్మిన కొద్దిమందిలో కిల్డాల్ ఒకరు. 1973లో ఆయన ఇంటెల్ చిప్పుల కొరకు పి.ఎల్./ఎం. అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. అంతవరకు యంత్రసంకేతాలతో కుస్తీ పట్టిన వారికి, మనుష్యభాషకు కొంత చేరువైన వ్రాత సాధ్యమయింది.

ఒక చిక్కు మిగిలింది. వ్రాసిన ప్రోగ్రామును దాచుకొనడమెట్లా? టెలిటైపు యంత్రంపై కాగితపు పట్టీకి చిల్లులు పొడిచి, మరల ఆ పట్టీని క్షణానికి పది అక్షరాల చొప్పున చదివించడమే అప్పటి మార్గం. కిల్డాల్ షుగార్ట్ సంస్థనుండి ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డ్రైవు నొకదానిని సంపాదించారు. కాని దానిని కంప్యూటరుతో కలిపే విద్యుత్ పరికరం ఆయనకు చేతకాలేదు. ఎంత ప్రయత్నించినా ఫలించక ఆ డ్రైవు చాలాకాలం ఊరకనే పడియున్నది. చివరకు విశ్వవిద్యాలయంలోని మిత్రుడు జాన్ టొరోడ్ ఆ పరికరాన్ని నిర్మించి ఇచ్చారు. 1974లో, సముద్రతీరాన గల పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊరిలో, ఆ డ్రైవు తిరిగింది. ఫైళ్ళను పేరుపెట్టి దాచి, పేరుపెట్టి పిలిచే చిన్న వ్యవస్థ అందులోనుండి జీవం పోసుకొన్నది. దాని పేరు సి.పి./ఎం. మన పాఠకులు దీనిని రాజకీయపక్షంగా పొరపడరాదు. చిన్న కంప్యూటర్లను నియంత్రించే ప్రోగ్రాము అని దాని అర్థం.

ఆయన దానిని మొదట ఇంటెల్ వారికే ఇవ్వజూపారు. వారు పి.ఎల్./ఎం. చాలునన్నారు, సి.పి./ఎం. అక్కరలేదన్నారు. అప్పుడు దంపతులిద్దరూ కలిసి సొంతంగా ఒక సంస్థను స్థాపించారు. దాని తొలి పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. నక్షత్రమండలాలను దాటిన ఆ పేరు తరువాత డిజిటల్ రీసెర్చ్‌గా కురుచయింది. భర్త ప్రోగ్రాములు వ్రాస్తుంటే భార్య వ్యాపార వ్యవహారాలు చూచుకొన్నారు. ఇతర సంస్థలు ఇటువంటి సామగ్రికి వందల వేల డాలర్లు అడిగే దినాలలో, సి.పి./ఎం. సుమారు 70 డాలర్లకే అభిరుచిగలవారి చేతికి అందింది. 1976లో కిల్డాల్ అధ్యాపక వృత్తిని విడిచి పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యారు.

దుబాసీ ఉపాయం

సి.పి./ఎం.లో అన్నింటికన్న గొప్ప ఉపాయం విసుగులోనుండి పుట్టింది. ఆ కాలంలో ఒక్కొక్క కంపెనీ కంప్యూటరు ఒక్కొక్క తీరున ఉండేది. ఇమ్సాయ్ సంస్థ తన యంత్రం కొరకు సి.పి./ఎం. కావాలని వచ్చింది. ప్రతి కొత్త యంత్రానికీ వ్యవస్థనంతా తిరగవ్రాయడం కిల్డాల్‌కు తలనొప్పి అయింది. ఆయన యంత్రాన్నిబట్టి మారే భాగాన్నంతా విడదీసి ఒక మూలకు చేర్చారు. దానికి బయాస్ అని పేరు. మిగిలిన భాగం ఏ యంత్రంపైననూ మారదు.

పూర్వం తూర్పుతీరపు రేవులలో విదేశీ వర్తకులకు, స్థానికులకు నడుమ దుబాసీలుండేవారు. వర్తకుడు తన మాట తాను చెబుతాడు, దుబాసీ దానిని స్థానికభాషలో వినిపిస్తాడు. బయాస్ అటువంటి దుబాసీ. కొత్త యంత్రం వచ్చినప్పుడు దుబాసీని మార్చితే చాలు, వర్తకుడు తన భాష మార్చుకోనక్కరలేదు. దాని ఫలితమేమి? ఒకరు వ్రాసిన ప్రోగ్రాము వందలాది రకాల యంత్రాలపై నడిచింది. పదాలను కూర్చే వర్డ్‌స్టార్, సమాచారాన్ని భద్రపరచే డీబేస్ వంటి ప్రోగ్రాములు పెద్ద విపణిని చూచినది ఈ వ్యవస్థ నీడలోనే. మన పట్టణాలలోని కంప్యూటరు శిక్షణకేంద్రాలలో 1990 ప్రాంతంలో చదువుకొన్నవారు వర్డ్‌స్టార్‌ను మరచిపోయి ఉండరు. కంట్రోల్ మీటను నొక్కిపట్టి ఇ, ఎస్, డి, ఎక్స్ అనే అక్షరాలతో గుర్తును నాలుగు దిక్కులకు నడపడం వారు వల్లెవేసిన పాఠం. బాణపు మీటలు లేని సి.పి./ఎం. కాలపు యంత్రాలకోసం పుట్టిన ఏర్పాటు అది.

మరుగుపడిన లక్షణాలు

ఇక ఈ వ్యవస్థలోని లోపించిన ప్రయోగాలను కొన్నింటిని చూతము.

మొదటిది స్మృతి విషయంలోని పొదుపు. యంత్రం యొక్క స్మృతి పదహారు కిలోబైట్లు ఉన్నా సి.పి./ఎం. పనిచేసింది. గరిష్ఠం అరవైనాలుగు కిలోబైట్లు. నేడు చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం అంతకు ఎన్నోరెట్లు ఉంటుంది. ఆ ఇరుకులో కిల్డాల్ ఒక మర్యాద పాటించారు. మన ఆజ్ఞలను విని అర్థంచేసుకొనే భాగం, పెద్ద ప్రోగ్రాము వచ్చి చోటు కావాలంటే, తన స్థలాన్ని దానికి విడిచిపెడుతుంది. అతిథి వెళ్ళిన తరువాత ఆ భాగాన్ని డిస్కునుండి తెచ్చి మరల యథాస్థానంలో నిలుపుతారు. చిన్న ఇంటిలో పెద్దలు తమ గదిని చుట్టాలకిచ్చి వసారాలో పడుకొన్నట్లు!

రెండవది పిప్ అనే నకలు తీసే ప్రోగ్రాము. ఇందులో ఫైలు ఎక్కడికి చేరాలో ముందు చెప్పాలి, సమానచిహ్నం పెట్టాలి, ఎక్కడనుండి రావాలో తరువాత చెప్పాలి. బి డ్రైవుకు, ఏ డ్రైవునుండి అన్నమాట. వ్యాకరణ పరిభాషలో చతుర్థి ముందు, పంచమి తరువాత. ఆ తరువాత వచ్చిన డాస్ ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి పంచమిని ముందు, చతుర్థిని తరువాత నిలిపింది. అయితే పిప్ అన్న పేరు కిల్డాల్ సృష్టి కాదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పెద్ద యంత్రాలలో ఆయనకు పరిచయమైన మాట అది. ప్రోగ్రాములలో తప్పులు వెదకే సాధనానికి డి.డి.టి. అనే పురుగుమందు పేరు కూడ అక్కడిదే. ఆయన కూడ పూర్వులనుండి గ్రహించినవారే అన్న సత్యాన్ని దాచరాదు.

మూడవది పదహారు వినియోగదారుల ఏర్పాటు. 1979లో వచ్చిన రెండవ రూపంలో ఒకే డిస్కును సున్ననుండి పదిహేను వరకు సంఖ్యలుగల విభాగాలుగా వాడుకొనవచ్చును. మూడవ విభాగంలో ఉన్నవారికి ఐదవ విభాగపు ఫైళ్ళ పేర్లు కనిపించవు. తాళాలు మాత్రం లేవు. సంఖ్య మార్చి ఎవరైనా అవతలి గదిలోకి వెళ్ళవచ్చును. అది భద్రతకోసం కాదు, సర్దుబాటుకోసం. ఫోల్డరు అనే భావన లేని వ్యవస్థలో అది ఒక సులువు.

నాలుగవది డిస్కు మార్పిడి. మనకు తెలియకుండా ఎవరైనా డ్రైవులోని డిస్కును తీసి మరొకటి పెడితే, సి.పి./ఎం. ఆ కొత్త డిస్కుపై వ్రాయడానికి నిరాకరించేది. డిస్కులోని పేర్ల పట్టీని సరిచూచుకొని, ఇది నేను ఎరిగిన డిస్కు కాదని గుర్తించేది. మనం కంట్రోల్ మీటతో సి అక్షరం నొక్కి పరిచయం చేసిన తరువాతనే వ్రాయడానికి అంగీకరించేది. కొందరికి అది విసుగు కలిగించినా, ఒకరి కష్టార్జితంపై మరొకరి వ్రాత పడకుండా కాపాడిన కట్టుబాటు అది.

ఐదవది తుడిచివేత. ఫైలును తుడిచివేయమంటే అందులోని విషయం చెరగదు. పేరు ముందు ఒక సంకేతం మాత్రం పడుతుంది. ఆ చోటు మరొకరికి ఇవ్వవచ్చునని దాని అర్థం. వెంటనే మేలుకొంటే పోయినదానిని తిరిగి తెచ్చుకొనవచ్చును. అదే సంకేతాన్ని డాస్ కూడ స్వీకరించింది.

ఆరవది ఫైలు కొలత. సి.పి./ఎం. ఫైళ్ళను 128 బైట్ల ఖండాలుగా మాత్రమే కొలిచేది. చివరి ఖండంలో వ్రాత ఎక్కడ ముగిసినదో తెలియడానికి ప్రోగ్రాములు ఇరువదియారవ సంకేతాన్ని, అనగా కంట్రోల్ జడ్‌ను, వ్రాత చివర ఉంచేవి. తాళపత్ర గ్రంథాంతంలో లేఖకుడు మంగళవాక్యం వ్రాసినట్లు! ఫైలు పొడవును చివరి బైటు వరకు గుర్తుంచుకొనే డాస్‌కు ఈ సంకేతం అవసరం లేకపోయినా, చాలాకాలం అది అందులో మిగిలిపోయింది.

డ్రైవులకు ఏ, బి అని అక్షరాలు పెట్టే పద్ధతిని చిన్న కంప్యూటర్లలో వ్యాపింపజేసినదీ సి.పి./ఎం. మొదటి రెండు అక్షరాలు ఫ్లాపీలకు పోగా స్థిరమైన డిస్కుకు సి మిగిలింది. ఫ్లాపీలు పోయినవి, వాటి డ్రైవులూ పోయినవి. విండోస్ యంత్రాలలో సి మాత్రం నిలిచింది. ఇంకొక ముచ్చట. విండోస్‌లో కాన్ అనే పేరుతో ఫోల్డరు సృష్టించడం సాధ్యపడదని, దాని కారణం బిల్ గేట్స్‌కు కూడ అంతుచిక్కలేదని ఒక సందేశం మన విద్యార్థులలో చాలాకాలం ప్రచారమయింది. రహస్యమేమీ లేదు. కాన్ అనేది కన్సోలుకు, అనగా తెర, మీటల పలకల జంటకు సి.పి./ఎం. పెట్టిన పేరు. డాస్ దానిని వారసత్వంగా పొందింది, విండోస్ దానిని మోసుకొచ్చింది. ఇంటి పేరును బిడ్డకు పెట్టలేనట్లే ఆ పేరును ఫోల్డరుకు పెట్టలేకపోయాము.

ఆ ఒక్క పూట

ఇక ఆ ప్రసిద్ధమైన కథకు వద్దాము. 1980 నాటికి సి.పి./ఎం. చిన్న కంప్యూటర్లకు సర్వసామాన్యమైన వ్యవస్థ అయింది. ఆ సంవత్సరం ఐ.బి.ఎం. సంస్థ వ్యక్తిగత కంప్యూటరును నిర్మింపదలచి, ముందు మైక్రోసాఫ్ట్ వారివద్దకు వెళ్ళింది. నిర్వహణ వ్యవస్థ కావాలంటే కిల్డాల్‌ను అడగండని బిల్ గేట్స్ వారిని పసిఫిక్ గ్రోవ్‌కు పంపారు. వారు వచ్చిన ఉదయం కిల్డాల్ తన చిన్న విమానంలో ఓక్లండ్ వైపు ఒక ఖాతాదారుని కలియడానికి వెళ్ళి ఉన్నారు. అది షికారు కాదు, వ్యాపారకార్యం. సంస్థ వ్యవహారాలు డొరతీ గారి చేతిలో ఉండడం కూడ కొత్త కాదు. వచ్చినవారు మాటామంతీకి ముందే ఒక ఏకపక్షమైన రహస్యపత్రంపై సంతకం కోరారు. ఆమె న్యాయవాదిని సంప్రదించి సందేహించారు. మధ్యాహ్నానికి తాను తిరిగివచ్చి చర్చలో పాల్గొన్నానని కిల్డాల్ చెప్పారు. అక్కడ ఎవరు ఎవరిని కలిశారన్న విషయంలో ఇరుపక్షాల జ్ఞాపకాలు ఏకీభవించవు.

బేరం కుదరకపోవడానికి కారణాలను ఆ విమానయానంలో వెదకడం వృథా. హక్కులను ఒకేసారి మొత్తం చెల్లించి పొందాలన్నది ఐ.బి.ఎం. వారి కోరిక. అమ్మిన ప్రతి ప్రతికీ రుసుము అన్నది డిజిటల్ రీసెర్చ్ పద్ధతి. అంతకన్న పెద్ద కారణం మరొకటి ఉన్నది. ఇంటెల్ 8086 చిప్పు 1978లోనే వచ్చింది. దానికి తగిన సి.పి./ఎం.ను డిజిటల్ రీసెర్చ్ సకాలంలో అందించలేదు. ఆ ఆలస్యాన్ని భరించలేక సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అనే చిన్న సంస్థలో టిమ్ పాటర్సన్ అనే యువకుడు 1980లో సొంతంగా ఒక వ్యవస్థను వ్రాసుకొన్నాడు. పాత సి.పి./ఎం. ప్రోగ్రాములను సులభంగా మార్చుకొనడానికి వీలుగా, సి.పి./ఎం. సేవలను పిలిచే సంఖ్యలను, పద్ధతులను ఉన్నవి ఉన్నట్లు అనుసరించాడు. డిస్కుపై ఫైళ్ళను అమర్చే తీరు మాత్రం వేరు. దానికి మాతృక మైక్రోసాఫ్ట్ వారి బేసిక్‌లో ఉన్నది. మైక్రోసాఫ్ట్ ఆ వ్యవస్థను కొని ఐ.బి.ఎం.కు అందించింది. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరులో అదే డాస్ అయి కూర్చున్నది.

సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఇక్కడ ఎవరికైనా స్ఫురిస్తుంది. అయితే అధ్యాపకులుగా మేము రెండవ పక్షాన్నీ వినిపించవలసి ఉన్నది. పాటర్సన్ తాను కిల్డాల్ వ్రాతను నకలు చేయలేదని, బయటికి ప్రకటించిన పుస్తకాన్ని చూచి సేవలపేర్లు మాత్రమే గ్రహించానని చెప్పారు. 2004లో వెలువడిన ఒక గ్రంథం తన పనిని నకలుగా చిత్రించినదని న్యాయస్థానానికి వెళ్ళారు. 2007లో ఆ వ్యాజ్యాన్ని న్యాయస్థానం కొట్టివేసింది. బాహ్యరూపాన్ని అనుసరించడం చౌర్యమా, సంప్రదాయమా అన్నది ఆనాటి చట్టానికి స్పష్టంగా తెలియని విషయం. ప్రోగ్రాములకు గ్రంథస్వామ్య రక్షణను స్పష్టపరచిన అమెరికా చట్టం 1980 చివరలో మాత్రమే వచ్చింది.

కిల్డాల్ డాస్‌ను చూచి నివ్వెరపోయారు. వ్యాజ్యం వేయనందుకు ప్రతిగా సి.పి./ఎం.ను కూడ తమ యంత్రంతోబాటు అమ్ముతామని ఐ.బి.ఎం. అంగీకరించింది. అమ్మకానికి పెట్టినప్పుడు డాస్ ధర 40 డాలర్లు, సి.పి./ఎం.-86 ధర 240 డాలర్లు. పైగా అది కొన్ని నెలలు ఆలస్యంగా 1982లో వచ్చింది. కొనేవాడు ఏది ఎన్నుకొంటాడో చెప్పనక్కరలేదు. కాబట్టి ఆయన ఓటమికి కారణం ఒక పూట విమానం కాదు. రెండేండ్ల ఆలస్యం, ఆరురెట్ల ధర, చట్టంలోని అస్పష్టత, వ్యాపారంలో ప్రత్యర్థి చురుకుదనం. ఇందులో ఆయన స్వయంకృతం కొంత ఉన్నది. దానిని కప్పిపుచ్చడం ఆయనకు గౌరవం కాదు.

ఓటమి తరువాతి పని

ఓడినవారు చేసిన పనిని లోకం చూడదు. కిల్డాల్ సంస్థ ఒకే యంత్రంపై పలువురు పనిచేసే ఎం.పి./ఎం.ను 1979లోనే తెచ్చింది. ఒకే మనిషి ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపే కంకరెంట్ సి.పి./ఎం.ను డాస్ ఒక్కటే ఒక్క పని చేసే దినాలలో అందించింది. 1983లో వచ్చిన సి.పి./ఎం. ప్లస్‌లో ఫైళ్ళకు రహస్యపదాలు, తేదీ ముద్రలు ఉండేవి. 1985లో బొమ్మలతో, ఎలుకతో నడిచే జెమ్ వచ్చింది. 1988లో డాస్‌కే పోటీగా డి.ఆర్. డాస్ వెలువడి, మైక్రోసాఫ్ట్‌ను మేలుకొలిపింది.

ఆయనలోని ఉపాధ్యాయుడు మాత్రం ఏనాడూ విశ్రమించలేదు. 1983 నుండి 1990 వరకు అమెరికా ప్రజాటెలివిజన్‌లో కంప్యూటర్ క్రానికల్స్ అనే కార్యక్రమంలో స్టూవర్ట్ షఫేతో కలిసి సామాన్యులకు ఈ విద్యను వివరించారు. పోటీసంస్థల వస్తువులను కూడ సమభావంతో పరిచయం చేశారు. సంగీతం వినడానికి పుట్టిన కాంపాక్ట్ డిస్కులో గ్రంథాలయాన్ని దాచవచ్చునని గుర్తించి మరొక సంస్థను స్థాపించారు. 1985లో గ్రోలియర్ విజ్ఞానసర్వస్వం సీడీరూపంలో వెలువడింది. ఆ తరహా గ్రంథాలలో అది మొదటిది. అనేక సంపుటాలు ఒక్క అరచేతి పళ్ళెంలో ఒదిగి, అడిగిన మాటను క్షణంలో చూపడం నాటివారికి వింత.

1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ సంస్థ కొన్నది. కిల్డాల్‌కు ధనానికి కొదువలేదు. కొదువైనది గుర్తింపు. 1992లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తన కంప్యూటరు శాస్త్రశాఖ ఉత్సవానికి ఆయనను పూర్వవిద్యార్థిగా ఆహ్వానించి, ప్రధానోపన్యాసాన్ని మాత్రం బిల్ గేట్స్‌కు అప్పగించింది. అక్కడే చదివి డాక్టరేటు పొందిన వానికి అది గాయం కాకేమవుతుంది? ఆ బాధలోనుండి ఆయన ఆత్మకథ వ్రాయసాగారు. 1993లో కొందరు ఆప్తులకు దాని ప్రతులు అందజేశారు. ముద్రణకు ఆయన జీవించి ఉండలేదు. డొరతీ గారితో బంధం అప్పటికే తెగిపోయింది. చివరి యేండ్లలో మద్యం ఆయనను కుంగదీసింది. 1994 జూలై 8న మాంటెరేలోని ఒక భోజనశాలలో తలకు దెబ్బతగిలి, 11వ తేదీన మరణించారు. వయస్సు 52. దెబ్బ ఎట్లు తగిలినదో నిశ్చయంగా తేలలేదు. తాను పుట్టిన సియాటిల్‌లోనే ఆయన సమాధి ఉన్నది.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

కాలం కొంత న్యాయం చేసింది. 2014లో విద్యుత్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. పసిఫిక్ గ్రోవ్‌లో ఆయన సంస్థ పనిచేసిన ఇంటి ముంగిట స్మారకఫలకాన్ని నెలకొల్పింది. అదే సంవత్సరం కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సి.పి./ఎం. తొలి రూపాల మూలపాఠాన్ని లోకానికి విడుదల చేసింది. 2016లో ఆయన ఆత్మకథలోని మొదటి భాగాన్ని కుటుంబం అనుమతితో ప్రకటించింది. ఆసక్తిగల విద్యార్థి నేడు ఆ మూలపాఠాన్ని తెరచి, ఇరుకైన స్మృతిలో ఒక మనిషి ఎంత పొందికగా కాపురముండగలడో స్వయంగా చూడవచ్చును.

విద్యార్థులారా! గెలిచినవాని చరిత్ర అందరి నోటా ఉంటుంది. ఓడినవాని చరిత్రకు తరచుగా ఒక వెక్కిరింపు మాత్రమే మిగులుతుంది. వెక్కిరింపు నోటికి తేలిక గనుక చేతులు మారుతూ బలపడుతుంది. విమానం కథ అట్లా బలపడినదే. ఎవరు చూచారు, ఎవరు చెప్పారు, తేదీలేమిటి, ధరలేమిటి అని నాలుగు ప్రశ్నలు అడిగేసరికి అది తేలిపోయింది. ఎవరినిగురించి ఏ కథ విన్నా, పాఠ్యపుస్తకంలో విన్నా, సభలో విన్నా, టీకొట్టు వద్ద విన్నా, ఆ నాలుగు ప్రశ్నలు అడగడం చదువుకొన్నవాని విధి. మా వ్యాసాన్ని కూడ ఆ ప్రశ్నలనుండి మినహాయించనక్కరలేదు.

ఇకమీదట కంప్యూటరు తెరపై సి అనే డ్రైవు గుర్తు కనిపించినప్పుడు, దానికి ముందుండి మాయమైన ఏ, బి అక్షరాలను ఒక్కసారి తలచుకొనండి. వాటిని మన మీటల పలక దగ్గరకు చేర్చినవాడు నావికులకు దారి చెప్పే ఇంట పుట్టిన ఒక ఉపాధ్యాయుడు.